పొలికార్పు తాత

“ఏమ్మే పిచ్చమ్మా, లూథరు ఏం చేసినాడు?” గట్టు మీద గొడుగు కింద కూర్చుని అడిగింది మార్తమ్మ.

చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి ఉప్పుమడిలో కర్రపలక లాగుతున్న పిచ్చమ్మ నడుము ఎత్తలేదు. “గుడి తలుపుకి కాయితం కొట్టినాడు. తప్పు జరగతాంటే చూస్తా ఊరుకోలా.”

“మోనికమ్మ?”

“దారి తప్పిన కొడుకు కోసరం ఏండ్ల తరబడి ఏడ్చింది. వాడే అగస్టీను. నాకు కొడుకుల్లేరు, ఆ ఏడుపు తప్పింది.”

పక్క మడిలో ఆడవాళ్ళు నవ్వారు. మార్తమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది.

పంతొమ్మిదేళ్ళకే భర్త పోతే మిషను బడి ఆమెకు అక్షరాలిచ్చింది. పంతొమ్మిదివందల ముప్పై రెండులో బైబిలు స్త్రీగా బయలుదేరి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెబుతూ వచ్చింది. ఇది అరవై నాలుగు. కంటికి పొర కమ్మింది, కాళ్ళకు నీరు పట్టింది. అయినా తెల్లారేసరికి తన కోసం ఒకరు కాచుకుని ఉండడం ఎంత భాగ్యమో అనుకునేది.

బాప్తిస్మం అడిగినవాళ్ళను సంఘపెద్దలు ప్రశ్నలు వేసి ఒప్పుకోవాలి. పిచ్చమ్మ రెండుసార్లు తప్పింది. సెమినరీ నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు జ్ఞానప్రకాశం గారు ఈసారి సంఘచరిత్రలోని పెద్దల పేర్లు కూడా చేర్చారు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడాదికే. అంతకాలం తాను ఉండనని మార్తమ్మకు తెలుసు. చదువురాని మనిషికి ఆ పేర్లు నిలవడం లేదని, పలక లాగిన ప్రతిసారీ ఒక్కొక్కరిని వరస కలిపి చెప్పింది. మోనికమ్మ పెద్దమ్మ, లూథరు చిన్నాయన, పొలికార్పు తాత.

మధ్యాహ్నం గుడిలో పెద్దలు బెంచీ మీద కూర్చున్నారు. పిచ్చమ్మ ఎదురుగా నిలబడింది.

“పొలికార్పు ఎవరు?” అన్నారు పాస్టరు గారు.

“మా తాత, అయ్యగారూ.”

పెద్దల్లో అబ్రహాము కిసుక్కున నవ్వాడు. “ఏ పాలెం తాత మే? ఉప్పు లాగతాడా?”

గోడకు చేరగిలబడి వింటున్న మార్తమ్మ తల దించుకుంది. తాను కలిపిన వరసే పిల్ల కొంప ముంచింది.

పిచ్చమ్మ తడుముకోలేదు. “ఏ పాలెమో నాకు తెలవదన్నా. రాజు మనుషులు పట్టుకోని, దేవుణ్ణి కాదంటే వదిలిపెడతామన్నారంట. ఎనభై ఆరేండ్లు నాకు మేలే చేసినాడు, ఇప్పుడెట్ట కాదనేది అన్నాడంట. మంటల్లో ఏసినారు. పరాయోడైతే నాకు గుర్తుండేవాడా? కండ్లు ఆనకపోయినా ఈయక్క ఎండలో కూచోని చెప్పింది. ఆమెకి తాతైతే నాకూ తాతే గదా.”

అబ్రహామే ముందు తలూపాడు. “నాకూ తాతేలేమ్మే.”

పాస్టరు గారు పుస్తకం మూసి, “ఆదివారం కాలవ కాడికి రామ్మా,” అన్నారు.

అందరూ లేచినా మార్తమ్మ గోడకు చేరగిలబడే ఉంది. “వందనాలు తండ్రీ,” అని గొణుక్కుంటోంది.

“పోదాం పాక్కా.”

“రవ్వంతసేపు కూచుంటా మే. ఈడ చల్లగా ఉండాది.”

పిచ్చమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఆమె తల ఒక పక్కకు వాలి ఉంది. చేతులు రెండూ ఒళ్ళో, పని ముగించుకున్న మనిషి చేతుల్లా ఉన్నాయి.

సాగనంపడానికి గుడ్డల కోసం మార్తమ్మ పెట్టె తీస్తే, పైనే గంజి పెట్టి మడిచిన తెల్లచీర కనబడింది. ఆమెకు అదే కడదామని విప్పిన ఆడవాళ్ళు ఆగిపోయారు. పిచ్చమ్మ ఒడ్డూపొడుగూ మనిషని కొంగువైపు మరో మూర గుడ్డ చేర్చి కుట్టి ఉంది. మార్తమ్మకు ఇంకో చీర వెతికారు.

ఆదివారం ఆ తెల్లచీరతోనే కాలువలో మునిగి లేచిన పిచ్చమ్మ, బట్టలు మార్చుకుని ఆ చీరను కంపదడి మీద ఆరేసింది. చూపు ఆనని కళ్ళతో వేసిన కుట్లు వంకరటింకరగా కొంగంతా పాకాయి. వాటి వెంబడే నీళ్ళు ఒక్కొక్క చుక్కా జారుతున్నాయి.