ఉతుకుబండ కింది మట్టి

మా ఆయన థర్మామీటర్ల ఫ్యాక్టరీలో గాజు గొట్టాల్లో పాదరసం నింపేవాడు. ఇంటికి రాగానే గడప తొక్కకుండా పక్కసందులోంచి పెరట్లోకి వెళ్లి, ఒంటిమీది బట్టలు విప్పి బండమీద తనే ఉతుక్కునేవాడు. జేబు మడతల్లోంచి ఒక్కోసారి ఆవగింజంత వెండి చుక్క జారి పడేది. ఆ బట్టలు నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయనకు శుచి ఎక్కువ, నీకు చాకిరీ తక్కువ అని పక్కింటావిడ ఆటపట్టించేది.

కొన్నేళ్లకు ఆయన చేతులు వణకడం మొదలైంది. మాట తడబడేది. ఉన్నట్టుండి కోపం వచ్చేది. వీధి వీధంతా తాగుడనే అనుకుంది. ఆయన తాగడని నేనెంత చెప్పినా మా ఒక్కగానొక్క కూతురూ అదే నమ్మింది. వాసన పోగొట్టుకోవడానికే బట్టలు ఉతుక్కుంటున్నాడనుకుంది. దాని పెళ్లిలో ఈయన కాఫీ అందించబోయి వియ్యంకుడి ఒళ్లో ఒలకబోశాడు. "బావగారు పొద్దున్నే మొదలెట్టేశారు" అని వియ్యంకుడు అంటే అందరూ నవ్వారు. అమ్మాయి పెళ్లిబట్టల్లోనే వచ్చి, ఇక తన గుమ్మం ఎక్కొద్దని తండ్రికి చెప్పింది. ఆయన పోయేదాకా ఎక్కలేదు.

ఫ్యాక్టరీ మూతపడిన చాలా ఏళ్లకు, పాదరసం ఇంకా ఎంత మిగిలిందోనని ఊళ్లో మట్టిని మళ్లీ పరీక్షిస్తున్నారని తెలిసింది. మా పెరటి మట్టి కూడా తీసుకోమని నేనే వెళ్లి అడిగాను. అందులో పాదరసం బయటపడితే అమ్మాయిని పిలిచి చూపించాలి. నాకు కావలసింది అంతే.

మట్టి పరీక్ష చేయడానికి వచ్చిన ఆఫీసు పిల్లను నేను మట్టిపిల్ల అని పిలిచేదాన్ని. ఆ పిల్ల నవ్వుముఖంతో వచ్చింది. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఊరంతా పేరుకున్న పాదరసం ఇప్పుడు బాగా తగ్గిపోయిందట. కొంత వానలకు కొట్టుకుపోయిందట, కొంత గాలిలో కలిసిపోయిందట.

"మీ పెరడు కూడా శుభ్రంగానే ఉంది పెద్దమ్మా."

వీధిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను కూలబడిపోయాను. ఆయన తరఫున చెప్పడానికి మిగిలింది ఆ మట్టి ఒక్కటే. అదీ ఆయన్ని మరిచిపోయింది.

మట్టిపిల్ల నా పక్కన కూర్చుని సంగతంతా రాబట్టింది. విన్నాక, ఆయన బట్టలు ఎక్కడ ఉతికేవాడని అడిగింది. ఆయన పోయాక ఆ బండను ఎవరూ కదపలేదు. దాన్ని గునపంతో లేపించి, ఎండా వానా తగలని కింది మట్టి తీసుకుని వెళ్లింది.

ఈసారి నవ్వకుండా వచ్చింది. ఒకప్పుడు ఫ్యాక్టరీ గోడ పక్కన ఎంత పాదరసం ఉండేదో ఇప్పటికీ బండ కింద అంత ఉందట. దాని ఆవిరి ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు చేతులు అలాగే వణుకుతాయట, కోపమూ అలాగే వస్తుందట. మట్టి తవ్వి తీసుకెళ్లేదాకా ఆ చోటు ముట్టుకోవద్దని చెప్పింది.

కబురు పెడితే అమ్మాయి వచ్చింది. మట్టిపిల్ల చెప్పిందంతా నిలబడే వింది. ఆ పిల్ల వెళ్లిపోయాక నావైపు తిరిగింది.

"నాన్న నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాడే. ఆ పెళ్లిలోనే, తాగలేదు తల్లీ, వాసన చూడు అని నోరు తెరిచి నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు ముఖం తిప్పేసుకున్నావు."

అది బండ లేపిన గుంత పక్కన చతికిలబడింది. కాసేపటికి చెయ్యి చాచి ఆ మట్టిని తాకబోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"ముట్టుకోకు. నీకు అంటకూడదనేగా మీ నాన్న అన్నేళ్లూ ఇక్కడ ఉతుక్కుంది."

దాని చెయ్యి గుంతకు జానెడు పైన అలాగే ఆగిపోయింది.