ఫిర్యాదులు కావలెను

వీధి మొదట్లో క్లినిక్కు నడిపే డాక్టరుగారికి ఎన్నడూ లేని దిగులొకటి పట్టుకుంది. ఎదురుగా కొత్తగా తెరిచిన క్లినిక్కుకు ‘నాణ్యతా ప్రమాణాల గుర్తింపు పొందినది’ అని నీలిరంగు లైట్ల బోర్డు పెట్టారు. లోపల రోగులున్నా లేకపోయినా అది వెలుగుతూనే ఉండేది. ఈయన దగ్గరేమో జనం కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చునేవారు. అయినా ఆయన చూపు మాటిమాటికీ ఆ బోర్డు మీదికే పోయేది.

మనకూ అలాంటిదొకటి ఉంటే బావుండునని ఒకనాడు భోజనం దగ్గర పైకే అనేశారు. భార్య విననట్టు ఇంకాస్త కూర వడ్డించింది. పక్కన తింటున్న ఆమె తమ్ముడు మాత్రం విన్నాడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవని మనిషి. సలహాలివ్వడంలో మాత్రం పుట్టినప్పటి నుంచీ పర్మనెంటు. మర్నాటికల్లా క్లినిక్కుకు క్వాలిటీ మేనేజరయ్యాడు.

గోడలు నిండిపోయాయి. చేతులెలా కడుక్కోవాలో చెప్పే బొమ్మలు వచ్చాయి. వాటి కింద కుళాయికి నీళ్లు రావడం ఇంకా మిగిలింది. మంటలార్పే సిలిండరు వచ్చింది. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దానికి గొలుసు కట్టి తాళం వేశాడు. నొప్పి ఎంతుందో పదికి ఎన్ని మార్కులో చెప్పమనే పటం కూడా వచ్చింది. ఒక పెద్దావిడ పది అంది. అంతుంటే నడిచి రాలేరు కదా అని అతనంటే ఎనిమిదికి దిగింది. చివరికి ఇద్దరూ బేరమాడి ఆరున్నరకు ఒప్పుకున్నారు.

గుర్తింపు ఇచ్చే సంస్థ నుంచి తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. అన్నీ చూసి, రోగుల ఫిర్యాదులేమిటని అడిగింది. ఒక్కటీ లేదని బావమరిది ఛాతీ విరుచుకున్నాడు.

“ఇన్నేళ్లలో ఒక్క పొరపాటూ జరగలేదంటారా, జరిగినా చెప్పేవాళ్లు లేరంటారా?” అందామె.

రోగులతో సమావేశం పెట్టి, వాళ్ల ఇబ్బందులు విని, ఏం సరిదిద్దారో మళ్లీ వచ్చినప్పుడు చూపించమని చెప్పి వెళ్లింది.

సమావేశమనగానే డాక్టరుగారికి సన్మానమనుకుని జనం మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. ఒకాయన శాలువా కూడా తెచ్చాడు. లేచినవాళ్లంతా ఆయన హస్తవాసి గురించే చెప్పారు. బావమరిదికి చెమటలు పట్టాయి. చేతులు జోడించి, ఎవరైనా ఒక్క లోపం చెప్పి పుణ్యం కట్టుకోండని బతిమాలాడు. ఫ్యాను చప్పుడు చేస్తోందని ఎవరో దయతలిచారు. అతని మొహం వికసించింది. ఇక లేద్దామనుకుంటుండగా వెనక వరసలోంచి దర్జీ భార్య నిలబడింది.

“ఏమీ అనుకోకపోతే ఒక్క మాట డాక్టరుగారూ. ఆమధ్య మోకాళ్ల నొప్పులకని మీరిచ్చిన మాత్రలు షుగరువండి. నాకు షుగరు లేదు.”

గదిలో అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఆమె తప్పు చేసినదానిలా తలవంచుకుని జరిగింది చెప్పింది. ఆ రోజు డాక్టరుగారు ఫోనులో ఎవరితోనో స్థలం గురించి మాట్లాడుతూ, బల్ల మీదున్న పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టారు. అవి వేసుకుని ఆమె వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. గట్టు అంచు తగిలి నుదురు చిట్లింది. తర్వాత వాళ్లాయన స్నేహితుడొకడు ఆ మాత్రలు చూసి, ఇవి నేను షుగరుకు వేసుకునేవే కదా అన్నాడు.

ముందు వరసలో ఉన్న పాల బూతు యజమాని వెనక్కి తిరిగాడు. “అయితే మోకాళ్లవి నాకొచ్చాయన్నమాట. ఆ వారం మెట్లు చకచకా ఎక్కేశానమ్మా. షుగరు మాత్రం తలకెక్కి కూర్చుంది.”

బావమరిది లేచి, ఫిర్యాదులు ఫ్యానుతోనే ఆపేద్దామన్నాడు. డాక్టరుగారు అతన్ని చేత్తోనే కూర్చోబెట్టారు. ఆయనకు ముందు కోపమే వచ్చింది. చూసుకోకుండా ఎవరు మింగమన్నారని నోటిదాకా వచ్చింది.

“మళ్లీ వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను కదమ్మా. తగ్గిందన్నావు.”

“మీరంత ఆప్యాయంగా అడిగితే తగ్గలేదని ఎలా అంటానండీ? మీ మనసు నొచ్చుకోదూ?”

కుట్లు కూడా ఎదురు క్లినిక్కులో వేయించుకుందట. ఈయన కంటబడితే బాధపడతారని వాళ్ల పెరటి గుమ్మంలోంచి వెళ్లిందట. డాక్టరుగారు ఆమె కనుబొమ్మ మీద మచ్చను అప్పుడు చూశారు. దెబ్బ తగిలాక ఆమె ఎన్నిసార్లు వచ్చినా అంతవరకూ ఆయన దాన్ని చూడనేలేదు. కోపం ఎటు పోయిందో పోయింది. అందరి ముందూ లేచి నిలబడి, తప్పు నాదేనమ్మా అన్నారు.

అంతే, గట్టు తెగింది. చెప్పేది సగం వినకుండానే మందు రాస్తారని ఒకరు, ఒకరికి సూది పొడిచిన చేత్తోనే మరొకరి నోట్లో థర్మామీటరు పెడతారని ఇంకొకరు మొదలుపెట్టారు. శాలువా తెచ్చినాయన దాన్ని మెల్లగా సంచిలో దోపుకున్నాడు.

మర్నాటి నుంచి డాక్టరుగారు ఫోను భార్యకిచ్చి వచ్చేవారు. ముందు కుళాయి, తర్వాత ఫ్యాను బాగుచేయించారు. ప్రతి మనిషినీ పేరడిగి, ఏ మాత్ర దేనికో చెప్పి, మళ్లీ వాళ్లచేత చెప్పించి పంపేవారు.

అధికారిణి తిరిగి వచ్చినప్పుడు ఫ్యాను సంగతి ఒక్కటే చెప్పండి బావగారూ అని బావమరిది కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన అన్నీ చెప్పారు. ఆమె శ్రద్ధగా విని, ఇంత నిజం చెప్పినవాళ్లను తాను ఎక్కడా చూడలేదంది. మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. అయితే నిజం చెప్పినందుకు మార్కులు వేసే ఏర్పాటు తమ పద్ధతిలో లేదట. తీవ్రమైన పొరపాటుకు తగ్గించే ఏర్పాటు మాత్రం ఉందట. గుర్తింపు ఆగిపోయింది. సిలిండరుకు పూర్తి మార్కులొచ్చాయి. ఫ్యానును సత్వరం బాగుచేయించినందుకు ప్రత్యేక ప్రశంస కూడా వచ్చింది.

బావమరిదిని ఎదురు క్లినిక్కువాళ్లు మంచి జీతమిచ్చి తీసుకున్నారు. అక్కడ ఫిర్యాదుల బెడద లేదు, చేయడానికి మనుషులుండాలి కదా.

ఒకరోజు పాల బూతు యజమాని వచ్చి కూర్చోగానే డాక్టరుగారు పేరడిగారు.

“ఇన్నేళ్లుగా వస్తున్నాను, నా పేరు తెలీదాండీ?”

“తెలుసు. అయినా నువ్వే చెప్పు.”

అతను చెప్పాడు. ఏ మాత్ర దేనికో బుద్ధిగా అప్పజెప్పి, పొట్లం పట్టుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద కూర్చున్నవాళ్ల వైపు వంగి, డాక్టరుగారికి మతిమరుపు మొదలైంది పాపం, నాకే కాదు, అందరికీ ఇదే వరస అన్నాడు. తమకూ అనుమానంగానే ఉందని వాళ్లూ తలలూపారు. అంత మంచి మనిషికి ఈ మాట మొహం మీద ఎలా చెప్పడమని అందరూ కలిసి బాధపడి, ఎవరూ చెప్పకూడదని నిర్ణయించుకున్నారు.