ఇసుక కప్పే రోజు

సంజీవరావు గడ్డి కలిపిన బంకమట్టిని కాళ్ళతో తొక్కుతున్నాడు. మడమలు పగిలిన పాదాలు బురదలో దిగి, లేచి, మళ్ళీ దిగుతున్నాయి. మట్టి వేళ్ళ సందుల్లోంచి వెన్నలా జారితే పదును కుదిరినట్టు. రాజోలు అవతల ఊళ్ళో తండ్రి నేర్పిన సంగతి అది.

కువైట్ దగ్గరి ఫైలకా ద్వీపంలో పాత చర్చిని తవ్వుతున్న విదేశీ బృందానికి అతను తాపీ మేస్త్రీ. చలికాలం రాగానే అమ్ఘరాలోని కాంట్రాక్టరు అతన్నీ, కడప నూర్ బాషానీ పడవెక్కించి పంపుతాడు. మిగతా ఏడాదంతా విల్లాల గోడలే. అవి కట్టి ఇచ్చేశాక మళ్ళీ చూసింది లేదు. ఈ గోడల దగ్గరికి మాత్రం ఏటా వస్తున్నాడు. ఎప్పటివో పచ్చి ఇటుకలు, ఎక్కడా మోకాలెత్తు దాటవు. మధ్యలో పొడవాటి సాల, అటూ ఇటూ సన్నటి నడవలు, తూర్పు కొసన బలిపీఠం ఉండిన గది. చుట్టూ చిన్న చిన్న ఇళ్ళ పునాదులు. ఇక్కడి జనాన్ని ఎవరూ తరిమినట్టు లేదనీ, ఒక్కొక్కరే వెళ్ళిపోయి ఉంటారనీ తవ్వకాల మేడమ్ ఒకసారి అంటే, నూర్ బాషా తెలుగులో చెప్పాడు. చివరగా వెళ్ళినవాడు తలుపు దగ్గరికి వేశాడో లేదోనని సంజీవరావు ఆ రోజంతా ఆలోచించాడు.

తవ్వకం ఈ ఏటితో ఆఖరు. గోడలు పాడవకుండా బట్ట పరిచి ఇసుకతో పూడ్చేస్తారు. అది ఇవాళే. అందుకే భార్యను రమ్మన్నాడు.

సారమ్మ సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఒకే దేశంలో ఉన్నా ఇద్దరూ కలిసేది సెలవు రోజైన శుక్రవారం చర్చి ప్రార్థనలో, ఆ తర్వాత బస్టాపులో. అతను చెప్పే ఈ గుడిని ఆమె ఎన్నడూ చూడలేదు. మామాను, అంటే ఆ ఇంటి యజమానురాల్ని, బతిమాలి సెలవు తీసుకుని, చేపల పులుసు డబ్బా ఒడిలో పెట్టుకుని పొద్దుటి పడవలో వచ్చింది.

“ఇదేనాండీ గుడి? పైకప్పు ఏదీ?” అంది.

“ఉండేదే. నువ్వు కాస్త ఆలీసంగా వచ్చేవు,” అన్నాడు.

ఆమె నవ్వింది. గుమ్మం ఆనవాలు దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. శిలువ గుర్తున్న సున్నపు పలక దొరికిన చోటు అతను చూపించాడు. దాన్ని మ్యూజియానికి పట్టుకుపోయారని చెప్పాడు. ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవారని ఆమె అడిగింది. అతనికి తెలియదు. ఊళ్ళో గుడిలోలాగే ఎడమ వైపు ఎంచుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

“ఓ పాట పాడనాండీ? ఎవరన్నా ఏవన్నా అంటారా?”

“ఎవరంటారు? పాడు.”

వాళ్ళమ్మ పొద్దుగూకాక పాడుకునే కీర్తన ఎత్తుకుంది. మొదట మెల్లగా, తర్వాత గొంతెత్తి పాడింది. నూర్ బాషా తోపుడు బండి ఆపేశాడు. మేడమ్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. సంజీవరావు మట్టి చేతులు జోడించి, భార్య వంక కాక, ఆమె పక్కన ఖాళీగా ఉన్న నేల వంక చూస్తూ నిలబడ్డాడు. అక్కడ ఇంకెవరో కూర్చుని ఉన్నట్టే అనిపించిందతనికి.

భోజనాలయ్యాక పగుళ్ళలో మట్టి కూరి, అరచేత్తో నిమిరాడు. బట్ట పరిచారు. సారమ్మ కూడా తట్టతో ఇసుక అందించింది.

“మనిషిని పూడ్చినట్టుందండీ,” అంది.

“కాదే. కప్పితేనే నిలబడద్ది. వొదిలేస్తే వానకి కరిగిపోద్ది.”

తూర్పు గోడ కొంత మిగిలింది. ఎడమ భుజం లాగుతోందని అతను అంటే, ఆ గోడ సంగతి తను చూసుకుంటానని చెప్పి నూర్ బాషా ఇద్దర్నీ మధ్యాహ్నం పడవకు పంపేశాడు.

పడవలో సంజీవరావు ఆమె భుజానికి తల ఆనించాడు. రేవొస్తే లేపమన్నాడు. అలా ఆనుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. అతని జుట్టులో తడిమట్టి వాసన. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. సాల్మియా మేడలు దగ్గరయ్యాక మెల్లగా పిలిచింది. ఇంకోసారి పిలిచింది. చల్లబడిపోయిన అతని చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అందరూ దిగిపోయి పడవవాడు వచ్చేదాకా, నిద్ర చెడగొట్టడం ఇష్టం లేనట్టు అలాగే కూర్చుంది.

మర్నాడు నూర్ బాషా ఒక్కడే తూర్పు గోడ మీద ఇసుక పోశాడు. పనిముట్ల షెడ్డు వెనక తాడు మీద, సారమ్మ వస్తోందని మేస్త్రీ విప్పి ఉతికి ఆరేసిన పని చొక్కా, ఉప్పుగాలికి బిర్రబిగిసి, చేతులు రెండూ కాస్త చాపుకుని వేలాడుతోంది.