పధ్నాలుగు జతల ఎడ్లు

పదకొండేళ్ళ ఉద్యోగంలో చిలీ దేశమంతా తిరిగి తొమ్మిది ఊళ్ళు మారాను. కలామాలో గని దారి, కొపియాపోలో నీళ్ళ గొట్టాలు, ఆ తర్వాత కురికో, తెముకో, ఇంకా ఏవేవో. పని అయిపోతే ఒప్పందం అయిపోతుంది, ఒప్పందం అయిపోతే గది ఖాళీ చెయ్యాలి. రోడ్లు వేసే ఇంజినీర్లందరిదీ ఇదే బతుకు. నా సామాను రెండు పెట్టెలూ ఒక హెల్మెట్టూ. అద్దె గది గోడకి మేకు కొట్టను, కుండీలో మొక్క పెట్టను, పక్కింటివాళ్ళ పేర్లు గుర్తు పెట్టుకోను. వదిలి వచ్చిన ఊరికి ఒక్కసారైనా తిరిగి వెళ్ళింది లేదు. ఇదేదో ఘనకార్యమైనట్టు చెప్పుకునేదాన్ని కూడా.

పదో ఊరు చిలోయే దీవిలోని కుచావ్. సముద్రం ఒడ్డున పోయే రోడ్డుని వెడల్పు చెయ్యాలి. వానలు దిగేలోపు, అంటే ఫిబ్రవరి నెలాఖరుకి, పని ముగిస్తే ఇకీకేలో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. పర్మనెంటు అన్న మాట నా పేరు పక్కన కనబడటం అదే మొదలు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు.

రోడ్డుకి అడ్డంగా ఒకే ఒక్క ఇల్లు ఉంది. దోన్యా ఓర్ఫెలినా బార్రియాది. దోన్, దోన్యా అనేవి ఇక్కడ పెద్దవాళ్ళని పిలిచే గౌరవపు మాటలు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, ఒంటరిది, మోకాలు సరిగ్గా వంగదు. కొండ మీద, నాలుగు వందల మీటర్ల దూరంలో ఆమెకి వేరే స్థలం ఇచ్చేశారు, కాగితాలన్నీ అయిపోయాయి. ఖాళీ చెయ్యమని చెప్పడానికి వెళితే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మాతే టీ కలిపి చేతికిచ్చి, "స్థలం బాగానే ఉంది. నా ఇంటిని అక్కడికి ఎప్పుడు చేరుస్తావు?" అని అడిగింది.

మా పెద్ద బాస్ ఉర్రుతియాకి ఫోన్ చేశాను.

"కర్రల కొంప అది. మిషను పెట్టి గంటలో చదును చేయించు," అన్నాడు. "ముసలమ్మ రెండ్రోజులు ఏడుస్తుంది, మూడో రోజుకి మర్చిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. అసలే నా కోపానికి ముందూ వెనకా ఉండదు. నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, "మీ ఇంటి చెక్క పెంకు ఒక్కటి కూడా విరగనివ్వను. పైకి చేర్చే పూచీ నాది," అని మాటిచ్చేశాను. ఎలా చేరుస్తానో ఆ నిమిషాన నాకే తెలీదు.

పుయెర్తో మోంత్ నుంచి క్రేన్ల కాంట్రాక్టరుని పిలిపించాను. అతను కొండ ఎక్కాడు, మెత్తటి నేలని బూటుతో రెండుసార్లు తొక్కి చూశాడు, కాఫీ తాగాడు, వెళ్ళిపోయాడు. ఓర్ఫెలినా కిటికీలోంచి చూసి తెగ నవ్వింది.

"ఇనుముని అడిగితే ఏం లాభం పిల్లా? ఎడ్లనడుగు. మింగా పెట్టు."

మింగా అంటే ఊరంతా కలిసి ఒకరి పని చేసిపెట్టడం. ఈ దీవిలో ఇళ్ళని ఇల్లు ఇల్లుగానే దుంగల మీదికి ఎక్కించి, ఎడ్లు కట్టి లాగుతారు.

"సరే, మీ ఊరివాళ్ళని మీరే అడగండి మరి," అన్నాను.

"నేనెందుకు అడుగుతానూ? నా ఇల్లు యాభై ఏళ్ళుగా ఉన్నచోట హాయిగా ఉంది. అది జరగాల్సిన అవసరం నీ రోడ్డుకి. అవసరం ఎవరిదో వాళ్ళే గడపలు తొక్కాలి."

తొక్కాను, కానీ ఇంజినీరులాగా తొక్కాను. ఎడ్లున్న ఇళ్ళ జాబితా, జతకి రోజుకింత అని మామూలు కూలికి రెట్టింపు రేటు, సంతకానికి కాగితం. రెండు రోజుల్లో పధ్నాలుగు గడపలు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి ఏదో ఒకటి తినిపించారు, ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఒకాయన ఎద్దుకి గిట్ట నొప్పన్నాడు. ఇంకొకాయన ఎద్దుకి మనసు బాగాలేదన్నాడు. మొహం మీద కాదని చెప్పరు గదా, అదింకా ఒళ్ళు మంట.

చివరి గడప దోన్ ఆర్తెమియో మన్సియాది. ఈ చుట్టుపక్కల ఏ ఇల్లు కదిలినా ముందు నిలబడి కేక వేసి నడిపించేది ఆయనే. కొట్టం దగ్గర కంచె బాగు చేసుకుంటున్నాడు. నా కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తిరిగి ఇచ్చేశాడు.

"డబ్బిస్తానన్నావంట అందరికీ?"

"రెట్టింపు ఇస్తానన్నాను పెద్దాయనా. తక్కువైందా?"

"ఎక్కువైంది. డబ్బిస్తే అక్కడితో తెగిపోద్ది ఇంజినీరమ్మా. నువ్వెవరో మేమెవరో. ఇక్కడ అలా తెంచుకోం. ఇవాళ నీ ఇంటికి నా ఎడ్లొస్తే, రేపు నా చేనుకి నువ్వు రావాలి. ఆ రాకడ ఉంటేనే ఊరు." కంచెకి ఇంకో మేకు కొట్టాడు. "ఏప్రిల్లో బంగాళాదుంపలు తవ్వుతాం. అప్పటికి ఉంటావా?"

ఉంటానని అబద్ధం చెబితే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండను. మార్చిలో ఇకీకే వెళ్ళిపోతా," అన్నాను.

"ఇకీకేనా! దేశానికి ఆ చివర. ఇంకేం వస్తావులే."

"దుంపలు తవ్వడానికి వస్తాను. జతకి ఒక రోజు చొప్పున పధ్నాలుగు రోజులు."

ఆయన వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది. "ఆ వంతెన కట్టినాయనా వస్తానన్నాడు. బడి కట్టినావిడా వస్తానంది. మీ తప్పు కాదమ్మా, మీ కాళ్ళకి చక్రాలున్నాయి," అన్నాడు. "ఈ కొట్టం కప్పు చూశావా, మూడేళ్ళుగా కారుతోంది. సెప్టెంబరులో మారుద్దామంటే ఎవరొస్తారా అని నేను లెక్కేసేది కూడా ఇక్కడుండేవాళ్ళనే."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. తొమ్మిది ఊళ్ళలో ఏ ఒక్కచోటా నా కోసం ఎదురుచూసేవాళ్ళు లేరన్న సంగతి ఆ కంచె పక్కన నిలబడి తెలుసుకున్నాను.

కాగితం చింపేసి, మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదటి గడప నుంచి మొదలుపెట్టాను. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి వెనక కర్ర చప్పుడు. ఓర్ఫెలినా కుంటుకుంటూ వస్తోంది. నన్ను పక్కకి నెట్టి గడపలో నిలబడింది.

"ఈ పిల్ల ఏప్రిల్లో వస్తానంటోంది. రాకపోతే దీని బదులు ఆ రోజులు నేను తవ్వుతా. చాలా?"

"నీ మోకాలితోనా!" అంది ఆ ఇంటావిడ.

"మోకాలు నాది. నీకెందుకు?"

ఆ మాట ఆమె ప్రతి గడపలోనూ అంది. సాయంత్రానికి పధ్నాలుగు జతలూ ఒప్పుకున్నాయి, మనసు బాగాలేని ఎద్దుతో సహా.

ఫిబ్రవరి ఇరవై రెండున ఇల్లు కదిలింది. తలుపులూ కిటికీలూ ఊడదీశాం, గదుల్లో అడ్డ దూలాలు బిగించాం. ఈశాన్యం మూల స్తంభం పుచ్చింది, దన్ను పెట్టాలని నేను లెక్కలు వేసి చూపిస్తే, ఆర్తెమియో తాను పొద్దున్నే పెట్టిన దన్నుని చూపించాడు. నోరు మూసుకుని తాడు పట్టుకున్నాను. ఆయన కేక వేశాడు. ఎడ్లు మెడలు వంచాయి, తాళ్ళు బిగిశాయి, ఇల్లు ఒక్క మూలుగు మూలిగి కదిలింది. పొయ్యి గొట్టంతో సహా. నాలుగు వందల మీటర్లకి ఆరు గంటలు పట్టింది. రెండుసార్లు తాడు తెగింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పైకి చేరాక ఓర్ఫెలినా లోపలికి వెళ్ళి, పొయ్యి అంటించి, గొట్టంలోంచి పొగ వచ్చేదాకా బయటికి రాలేదు. పొగ చూసి నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను.

రోడ్డు గడువులో పూర్తయింది. మార్చి పదిహేనుకి ఇకీకేలో నా సొంత గది, తలుపు మీద నా పేరు.

ఏప్రిల్ దగ్గరపడగానే ఉర్రుతియాని రెండు వారాల సెలవు అడిగాను. కారణం విని పడీ పడీ నవ్వాడు.

"బంగాళాదుంపలా! కూలీలని పెట్టి డబ్బు పంపించేయ్ ఫ్రెసియా."

"డబ్బు పంపితే తెగిపోద్ది సార్."

"ఏంటి తెగేది? చేరి నెల కాలేదు. ఇప్పుడు వెళితే తిరిగొచ్చేసరికి నీ కుర్చీ ఉండదు, ముందే చెబుతున్నా."

ఆ కుర్చీ కోసం పదకొండేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగాను. రెండు రోజులు అన్నం సహించలేదు. నేను ఆలోచిస్తూ కూర్చున్న ప్రతిసారీ వంగని మోకాలొకటి కళ్ళముందు మట్టిలోకి వంగుతోంది. మూడో రోజు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టాను: "వెళుతున్నాను. కుర్చీ తీసేస్తే తీసేయండి. మారడం నాకు అలవాటే."

రెండు విమానాలు, ఒక బస్సు, చకావో రేవులో పడవ, మళ్ళీ బస్సు. చెప్పిన తేదీకి కుచావ్‌లో దిగాను. కానీ ఆ ఏడు వానలు ముందే వస్తాయని తెలిసి, దుంపలు రెండు రోజులు ముందే తవ్వడం మొదలుపెట్టారట. దారి పక్క చేలో జనం వంగి ఉన్నారు. సాలు చివర, గోనెసంచి మడిచి మోకాలి కింద పెట్టుకుని, ఓర్ఫెలినా గుద్దలితో తవ్వుతోంది.

పెట్టె దారిలోనే పడేసి పరుగెత్తాను. "ఇదేంటి! వస్తానన్నానుగా! నా మాట నమ్మలేదా?"

తలెత్తి చూసింది. మొహమంతా మట్టి.

"నమ్మలేదు," అంది. "నమ్మలేదు కాబట్టే పూచీ పడ్డాను పిల్లా. నమ్మితే పూచీ ఎందుకు?"

గుద్దలి లాక్కున్నాను. ఆమెని లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. అప్పటికే రెండిళ్ళ రోజులు నా బదులు ఆమె తవ్వేసింది. మిగిలిన పన్నెండిళ్ళవీ నేను తవ్వాను. వానలో తవ్వాను, నడుం విరిగేలా తవ్వాను, గుద్దలి పట్టడం రాదని ఆడవాళ్ళందరి చేతా తిట్లు తింటూ తవ్వాను. చివరి రెండు రోజులూ కొండ మీద ఓర్ఫెలినా పెరటి దుంపలు తవ్వాను. ఆమె కిటికీలో కూర్చుని, వదిలేసిన ప్రతి దుంపనీ వేలెత్తి చూపించింది.

పధ్నాలుగో రోజు ఉర్రుతియా నుంచి కబురొచ్చింది. కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. ఓసోర్నోలో ఎనిమిది నెలల పని ఉంది, పాత పద్ధతిలో ఒప్పందం, కావాలంటే రావచ్చు. వస్తానన్నాను. బాధ లేదని అనను, ఉంది. ఆ బాధతోనే పెట్టె సర్దుకున్నాను.

బస్సు దగ్గరికి అందరూ వచ్చారు. ఆర్తెమియో భుజం మీద బంగాళాదుంపల బస్తా. దించి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"తిను," అన్నాడు. "నీ పధ్నాలుగు రోజులూ అయిపోయినై. ఇది ఊరికే."

ఊరికే కాదని ఆయనకీ తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఓర్ఫెలినా కర్ర మీద వాలి, పెదవి బిగబట్టి చూస్తోంది. వద్దనడానికి వంక కావాలంటే చేతిలో పెట్టె ఉంది, రెండూ మొయ్యలేనంటే సరిపోతుంది.

బస్తా ఎత్తి భుజాన వేసుకున్నాను.

"కొట్టం కప్పు సెప్టెంబరులో ఏ తారీకున మారుస్తున్నావు పెద్దాయనా?"