లోపలి గీత

నిరుపమ పరాయి దేశానికొచ్చి, మనురేవా అనే ఊళ్లోని చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా చేరి రెండేళ్లయింది. ఓనరు విఠల్‌ది నెల్లూరు. అక్కడే స్థిరపడేందుకు ఆమె పెట్టిన రెసిడెన్సీ అప్లికేషన్‌కి ఆయనిచ్చిన జాబ్ లెటరే ఆధారం. అందుకే ఆయనకి ఎదురు చెప్పడం ఏనాడో మానుకుంది.

2006 జూన్‌లో, అక్కడి చలికాలంలో, లియాంగ్ అనే చైనా ముసలాయన ఓ నోటుబుక్కు పట్టుకొచ్చాడు. దగ్గర్లోని పుకెకోహేలో నలభయ్యేళ్లు ఉల్లి పండించినవాడు. మూడేసి గీతలతో ఉండే తమ ప్రాచీనుల ఎనిమిది గుర్తుల గురించి మనవల కోసం రాసుకున్నాడు. ప్రతి మంగళవారం వచ్చి నిరుపమ పక్కన కూర్చుని, ఒక్కో బొమ్మా దగ్గరుండి గీయించేవాడు.

"వలయంలో పెట్టినప్పుడు గీతల్ని లోపలి నుంచి బయటికి చదవాలి. మూడింట్లో లోపలిది ఒక్కటే నిండు గీత, మిగతా రెండూ మధ్యలో తెగినవైతే పిడుగు. ఆ నిండు గీత బయటికి జరిగితే కొండ. పిడుగు కదిలిస్తుంది, కొండ ఆపేస్తుంది."

సొంతూరు కర్నూలు వదిలాక ఆమెకి అంత ఓపిగ్గా ఎవరూ ఏమీ నేర్పలేదు.

చివరి వారం ఆమె సెలవులో ఉండగా విఠల్ పేజీలు సర్దాడు. గీతలు అందంగా లేవని ఒక్కో గుర్తునూ తలకిందులుగా తిప్పేశాడు. ఆమె వచ్చేసరికి అచ్చు ప్లేట్లు తయారయ్యాయి.

"సర్, నాలుగు తిప్పినా ఒకేలా ఉంటాయి, మిగతా నాలుగు మారిపోయాయి. పిడుగు ఉండాల్సిన చోట కొండ వచ్చింది."

"మూడు గీతలేగా. ఎవరు చూడొచ్చారు? కానివ్వు."

ఆమె కానిచ్చింది.

పుస్తకాలు తీసుకోడానికొచ్చిన లియాంగ్, కౌంటర్ దగ్గరే బొమ్మ ఉన్న పేజీ తెరిచి చాలాసేపు చూశాడు. విఠల్ నవ్వుతూ, "మా అమ్మాయి పొరపాటు. చిన్నపిల్ల," అన్నాడు.

"నువ్వేనా?" అని ముసలాయన ఆమెనే అడిగాడు.

జాబ్ లెటర్ గుర్తొచ్చింది. "నేనే," అంది.

"తెలియక చేశావనుకోలేను. నేర్పింది నేనే కదా." పెట్టెలు కార్లో పెట్టించుకుని వెళ్లిపోయాడు.

నవంబరులో రెసిడెన్సీ వచ్చింది. విఠల్ స్వీట్లు పంచాడు. నెల తిరక్కుండా ఆమె ఉద్యోగం మారి, నిజం చెప్పేద్దామని లియాంగ్ ఇంటికి ఫోన్ చేసింది. కోడలు ఎత్తింది.

"మావయ్య ఆ పుస్తకం మాటెత్తనివ్వడం లేదు. పిల్లలకి కూడా ఇవ్వలేదు. పెట్టెలు గరాజ్‌లోనే ఉన్నాయి. ఎవరు ఫోన్ చేశారని చెప్పను?"

నిరుపమ పేరు చెప్పింది. కోడలు వెళ్లి అడిగి వచ్చింది.

"ఆ పేరుగలవాళ్లెవరూ తనకి తెలియదంటున్నారు," అంది.