చేతులు కూడా లేస్తాయా?

మా మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన పక్కన మా అత్తగారి చోటు ఆనాడే ఖాయమైంది. జంట సమాధి. చర్చి సంఘంలో అందరూ దాన్ని ప్రేమకు గుర్తు అనేవారు. నాకు మాత్రం రైల్లో సీటు మీద రుమాలు వేసినట్టుండేది.

అత్తయ్యను ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పాక, పాస్టరుగారు రోజూ వచ్చి ప్రార్థన చేసేవారు. ఒక సాయంత్రం అత్తయ్య కళ్లు తెరిచింది.

"అయ్యగారూ, కడబూర మోగి చచ్చినవాళ్లంతా లేచే రోజున, లేచేది ఆత్మ ఒక్కటేనా, ఒళ్లు కూడానా?"

"శరీరంతోనే లేస్తామమ్మా."

"చేతులు కూడానా?"

వంకరగా అతుక్కున్న ఆవిడ కుడి మణికట్టు దుప్పటి మీద ఉంది. దాన్ని చూసి పాస్టరుగారు కరిగిపోయారు. "చేతులు కూడా తల్లీ! వంకర ఉండదు, నొప్పి ఉండదు. మీవీ, పెద్దాయనవీ, కొత్తగా, బలంగా. ఇద్దరూ పక్కపక్కనే లేస్తారు."

అత్తయ్య గోడవైపు తిరిగిపోయింది.

"ఆనందం పట్టలేకపోతోంది" అన్నారు మా ఆయన.

ఆ మణికట్టు మెట్ల మీద పడి విరిగిందని చుట్టాలందరికీ తెలుసు. వాళ్లు అప్పుడున్న ఇంటికి మెట్లే లేవు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టడానికీ పదేళ్లు పట్టింది.

మగవాళ్లు బయటికి వెళ్లగానే అత్తయ్య నా కొంగు పట్టుకుంది. "నన్ను ఆయన పక్కన పెట్టనివ్వకే."

"మీ అబ్బాయి ఒప్పుకోరు. అసలు విషయం చెప్పేయనా?"

"వద్దు. వాడికున్నది ఒక్క తండ్రి."

"పరలోకంలో పెళ్లిళ్లు ఉండవట అత్తయ్యా. మొగుడూ పెళ్లాం అన్న మాటే ఉండదట."

"పెళ్లి లేకపోతే పోయింది. చేతులుంటాయన్నాడుగా!"

ఏదో ఒకటి అనాలని, "మధ్యలో గోడ కట్టిస్తాను" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇటుకా, రాయా?"

"రాయే."

మంచి చెయ్యి ఎత్తి వేళ్లు చాపింది. జానెడు మందం. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడిగింది.

మూడో రోజున పోయింది. మేస్త్రి సమాధి మీది పలక తీసి చూస్తే రెండు సగాల మధ్య వట్టి మన్నే. రాతిగోడ కట్టమన్నాను.

"మొగుడూ పెళ్లాల మధ్య గోడేంటమ్మా?"

"చెమ్మ" అన్నాను.

"చూశారా, నాన్న పెట్టెకి చెమ్మ తగలకూడదని!" మా ఆయన పాస్టరుగారికి చెబుతూ కళ్లు తుడుచుకున్నారు.

మేస్త్రి మా సంఘంవాడే. సిమెంటు కలుపుతూ నవ్వాడు. "ఎన్నాళ్లు నిలవాలేంటి?"

"కడబూర మోగేదాకా."

"మోగాక?"

అత్తయ్య అడిగిన ప్రశ్న కూడా అదే. అప్పుడు నేను పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.