ముడి మీద ముడి

ఎండ కాస్త తగ్గగానే ఆ తల్లి మళ్లీ మేడ ఎక్కింది. మేడ మీద రేకుల వసారాలో, గాలి తగిలే నీడన, రెండు గుడ్డమూటలు వేలాడుతున్నాయి. వాటిలో ఉన్నది సముద్రపు నాచు. తన పరిశోధనశాలలో ఆరబెట్టే గది మరమ్మతులో ఉందని కూతురు వాటిని ఇంటికి తెచ్చింది. కాకి లాక్కుపోతుందేమో, జల్లు కొడుతుందేమో, జారి కింద ఎవరి నెత్తిన పడుతుందో అని తల్లికి ఒకటే దడ. కూతురు లిఫ్టు ఎక్కినా భయపడే మనిషి మరి.

అలాంటి మనిషి, భయపడాల్సిన చోట మాత్రం భయపడలేదు. మనలో చాలామందిమి అంతే కదా!

కూతురు శాస్త్రవేత్త. సముద్రపు నాచులోనూ, మనం తినే గింజల్లోనూ ఒంటికి మేలుచేసే పదార్థాలేమున్నాయో వెతకడం ఆమె పని. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, మా నాచు సారం చక్కెరను భలే అదుపు చేస్తోందే! గాజు పళ్లెంలో కణాల మీదే అనుకో" అంది సంబరంగా.

తల్లి మొత్తం విన్నది. పళ్లెంలో పనిచేసింది పొట్టలో పనిచేయదా అనుకుంది. ఆమె తమ్ముడు బస్సు డ్రైవరు. ఏళ్లుగా షుగరు. మాత్రలు మింగీ మింగీ వీడి కిడ్నీలు ఏమైపోతాయోనని ఆమెకు బెంగ. గుప్పెడు నాచు తీసి, మిక్సీలో పొడికొట్టి, సీసాలో పోసి తమ్ముడి చేతిలో పెట్టింది.

వారం తిరక్కుండానే తమ్ముడు వచ్చాడు.

"అక్కా, ఇంకో చెంబు నీళ్లియ్యి!"

"ఇప్పుడేగా తాగావు?"

"దాహం ఆగట్లేదక్కా. కళ్లు కూడా మసకేస్తున్నాయి. లోపలి చెడంతా బయటికి పోతోందన్నమాట. నీ పొడి పట్టేసింది! మాత్రలు ఆ రోజే పారేశా."

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మేనకోడలు ఆగిపోయింది. "ఏం పొడి మామయ్యా?"

తల్లి గోడ వైపు చూసింది.

"అమ్మా, ఏ మూటలోది తీశావు?"

"ఏదైతే ఏమే, రెండూ నాచేగా?"

"ఒకటి దూరపు రాళ్ల మీద, శుభ్రమైన నీళ్లలో పెరిగింది. రెండోది ఫ్యాక్టరీ మురుగు కలిసే చోటిది. అందులో సీసం ఎంత చేరుతుందో చూడ్డానికి తెచ్చానమ్మా!"

తల్లి నెత్తి బాదుకుంది. "అయ్యో, నా చేతుల్తో నేనే... గుర్తులేదే తల్లీ!"

కూతురు రెండేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదికి పరుగెత్తింది. తల్లి పడుతూ లేస్తూ వెనకే వచ్చింది. మురుగు నాచు మూటకు కూతురు వేసిన ముడి, లాగితే ఊడే ముడి, అలాగే ఉంది. రెండో మూటకు ముడి మీద ముడి, గోళ్లకు కూడా లొంగనంత బిగువుగా.

"ఇది నీ ముడేగా?"

"నాదేనే. గాలికి ఊడుతుందేమోనని భయమేసి..."

"ఈ ఒక్కటే విప్పావా?"

"ఒక్కటే."

కూతురు తల్లి భుజం మీద తల వాల్చేసింది. "నీ భయం బంగారం కానూ! ఇది మంచి నీళ్లదే."

అయినా మామయ్యను వదల్లేదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరదీసింది.

"రేపు పొద్దున డ్యూటీ ఉందే!" అన్నాడాయన.

"మసక కళ్లతో, బస్సు నిండా జనంతోనా?"

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

మాత్రలు మానేయడంతో షుగరు మితిమీరి ఉంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కళ్లకూ కిడ్నీలకూ ఏమీ కాలేదనీ, వేళకు వచ్చారనీ డాక్టరు చెప్పాక ఆ తల్లికి ఊపిరి ఆడింది.

"సముద్రంలో పుట్టిందేగా, చెడేం చేస్తుందిలే అనుకున్నానే" అంది మెల్లగా.

"పాము విషం కూడా ఎవరూ ఫ్యాక్టరీలో చేయలేదమ్మా. నాచులో మేలేదో కీడేదో ముందు వేరుచేయాలి. ఎంత వేస్తే మందో, ఎంత దాటితే విషమో తేలాలి. ఆ తర్వాతే డాక్టర్ల కళ్లముందు మనుషులకిచ్చి చూడాలి. ఇంకా ఏళ్ల పని ఉంది. ఆ మాట నేనూ ఆ రోజు నీకు వివరంగా చెప్పాల్సింది."

"ఆ కంపుకే నాకు తెలియాల్సింది" అన్నాడు తమ్ముడు, మంచం మీదినుంచి. "చేపల బుట్ట కడిగిన నీళ్లు నయం!"

ముగ్గురూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది తల్లే.

ఇప్పుడామె రోజూ పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేస్తుంది. అతను మాత్ర వేసుకుని నీళ్లు గుటకేసిన చప్పుడు వినిపించేదాకా పెట్టేయదు. భయం పోలేదు, సరైన చోటికి చేరింది. సగం ఉడికిన అన్నం మనం ఎవరికీ వడ్డించం. సగం తేలిన మందునూ వడ్డించకండి, డాక్టరు రాసిన మాత్రను డాక్టరును అడగకుండా ఆపకండి.